కెల్త్‌వెయిట్ గారి ఊరు

మొన్న దోహాలో వెస్ట్ బే దగ్గర ఒక టవర్ కింద లిఫ్టు కోసం నిలబడి ఉండగా ఎవరో అద్దాలు తుడిచే మందు కొట్టారు. ఘాటైన అమ్మోనియా వాసన. పక్కనున్న అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం హాయిగా పీల్చుకున్నాను. తొంభైలలో చమురు బావుల ఊరు దుఖాన్‌లో మేం పనిచేసిన మ్యాపుల గది నిండా ఈ వాసనే. పెద్ద పెద్ద పటాలకు నకళ్ళు తీసే యంత్రం అమ్మోనియాతో నడిచేది. సాయంత్రం నేను ఇంటికి వెళ్తే మా ఆయన గుమ్మంలోనే నిలబడి, "ముందు స్నానం చెయ్యి తల్లీ, తర్వాతే కాఫీ" అని దణ్ణం పెట్టేవాడు. లిఫ్టు వచ్చింది, అందరినీ ఎక్కించుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి కెల్త్‌వెయిట్ గారిని తలుచుకుంటున్నాను.

ఆయన మా మ్యాపుల గదికి పెద్ద. ఇంగ్లండు మనిషి, బక్కపలచన, గల్ఫ్ ఎండకు ముఖం ఇటుకరంగుకు తిరిగింది. మా ఆయన చమురు బావుల దగ్గర ఇంజనీరు. కంపెనీ ఇచ్చిన ఇంట్లో కూర్చుని పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అని చూసుకుంటూ బతకడం నా వల్ల కాలేదు. విశాఖలో జాగ్రఫీ ఎమ్మే చేసినదాన్ని. ఒకరోజు పొద్దున్నే సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని తిన్నగా ఆయన గదికి వెళ్ళి ఉద్యోగం కావాలన్నాను. ఆయన సర్టిఫికెట్లు తెరవలేదు. బల్లమీద ఉన్న దుఖాన్ పటం నా వైపు తిప్పి, "ఈ నూనె ఎక్కడ పుట్టింది?" అని అడిగాడు. ఇదేం ప్రశ్న అనుకుంటూ బావులు ఉన్నచోట వేలు పెట్టాను.

"అక్కడ దొరికింది. పుట్టింది ఇంకెక్కడో. లోపల రాళ్ళలో పుట్టి, సందుల్లోంచి పాకుతూ వచ్చి, దారి మూసుకుపోయినచోట ఆగింది. మనకు ఆగినచోటే కనపడుతుంది" అన్నాడు. తప్పు చెప్పినందుకు ఉద్యోగం ఇక గోవిందా అనుకుని లేచాను. "కూర్చో. తప్పు చెప్పినా వేలు వణకలేదు. రేపటినుంచి రా" అన్నాడు.

అలా చేరాను. పని నేర్పడంలో ఆయన పద్ధతి వేరు. ఒకసారి దోహా నుంచి పెద్ద ఇంజనీరు ఒకాయన వచ్చి, నేను గీసిన పటం మీద ఏదో సందేహం కెల్త్‌వెయిట్ గారిని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను, కానీ ఆ ఇంజనీరు కంటికి గోడకు ఆనించిన నిచ్చెన కనపడినంత కూడా కనపడలేదు. కెల్త్‌వెయిట్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గీసింది ఆవిడ. ఆవిణ్ణి అడగండి" అని తన పని తాను చేసుకోసాగాడు. పటం నా వైపు లాక్కున్నాను. గీతగీతకూ కారణం చెప్పాను. నా జన్మలో అంతవరకూ నన్ను ఎవరూ అలా ముందుకు తోయలేదు. మా నాన్న కూడా "అమ్మాయి బాగా చదువుతుంది" అని చుట్టాలకు చెప్పి, వాళ్ళ ప్రశ్నలకు జవాబులు మాత్రం తనే చెప్పేసేవాడు.

ఆయన బల్ల వెనక గోడకు ఇంగ్లండు పటం ఒకటి ఉండేది. దానిమీద ఎర్ర తలల గుండుసూదులు. సెలవుకు ఇంగ్లండు వెళ్ళే ప్రతి తెల్ల ఉద్యోగినీ ఆయన ఒకటే కోరేవాడు: మీ ఊరి టెలిఫోన్ డైరెక్టరీలో కెల్త్‌వెయిట్ అనే ఇంటిపేరు ఉందేమో చూసి రండి. చాక్లెట్లు తెమ్మని అడిగేవాళ్ళను చూశాం గానీ ఇదేం కోరిక అని వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. చాలామంది వట్టి చేతులతో వచ్చేవారు. అది అంత అరుదైన ఇంటిపేరు. దొరికినవన్నీ ఒక బట్టల మిల్లుల పట్టణం చుట్టుపక్కలే దొరికేవి. దొరికినప్పుడల్లా ఆయన ఒక సూది గుచ్చి, ఆ సూదుల చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీత గీసి, ఆ గీత లోపల తన పేరున్న ఊరు కోసం భూతద్దంతో వెతికేవాడు. ఆ సున్నాలో అంగుళం అంగుళం ఆయనకు కంఠతా వచ్చేసింది. ఊరు మాత్రం లేదు.

ఇది ముసలాయన కాలక్షేపం అనుకున్నాను, ఒక శుక్రవారం మా ఇంటికి భోజనానికి వచ్చేదాకా. గోంగూర పచ్చడికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా వదలకుండా తింటున్నాడు. మా ఆయన ఏదో మాటవరసకు మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగితే అప్పుడు చెప్పాడు. ఆయన తండ్రి ఆ మిల్లుల పట్టణంలోని అనాథాశ్రమంలో పెరిగాడు. తనవాళ్ళెవరో తెలియదు. ఇంటిపేరొక్కటే తోడు వచ్చింది. బతికినంతకాలం "మన పేరు కూడా ఏదో ఊరిదే అయి ఉంటుంది" అని కొడుకుతో అనేవాడట. ఈ మధ్యనే కెల్త్‌వెయిట్ గారు వంశాలు వెతికే మనిషి ఒకాయనకు ఆ పని అప్పజెప్పితే, ఆయన తేల్చి చెప్పాడట: ఆ పేరుతో ఊరు లేదు, ఆ పేరున్నవాళ్ళంతా ఆశ్రమం చుట్టే ఉన్నారు, కాబట్టి అది ఆశ్రమంవాళ్ళు పిల్లలకు కల్పించి పెట్టిన పేరే.

"నేను గుచ్చిన ప్రతి సూదీ ఆయన మాటకే సాక్ష్యం చెబుతోంది" అన్నాడు కెల్త్‌వెయిట్ గారు. "వేసవిలో నా కాంట్రాక్టు అయిపోతుంది. అందరూ ఏ ఊరు వెళ్తున్నావని అడుగుతున్నారు. ఏం చెప్పను?"

మా ఆయన ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె పెరుగు వేశాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవడో కుర్చీలో కూర్చుని, లేచి వెళ్ళి చూడకుండా, ఒక మనిషికి ఊరే లేదని ఎలా అంటాడు?

ఆ కోపం నాతోనే ఆఫీసుకు వచ్చింది. మా గదిలో రషీద్ అని ఇంకో డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు, మనవాడే, ఆర్మూరు. మా ఆఫీసులో, క్యాంపులో కలిపి రషీద్‌లు చాలామంది ఉండటంతో అందరూ ఇతన్ని ఆర్మూర్ రషీద్ అనేవారు. ఒకనాడు టీ వేళకు గుమ్మం దగ్గరనుంచి ఒక మలయాళీ, "ఆర్మూర్ రషీద్! ఫోన్! యల్లా, తొందరగా!" అని కేకేశాడు. అతను వెళ్ళి మాట్లాడి నవ్వుకుంటూ వచ్చాడు.

"మా తమ్ముడు, అక్కా. ఆర్మూర్ల కెల్లి చేసిండు. ఫోన్ ఎత్తినాయన ఆర్మూర్ రషీద్ కావాల్నా అని అడిగితే వానికి సమజ్ కాలే. ఆర్మూర్ల నన్ను అట్ల ఎవడంటడు? ఆడ అందరిదీ ఆర్మూరే గద" అన్నాడు.

నా చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. మా పుట్టింటివాళ్ళ ఇంటిపేరు వేమవరం. మాకు తెలిసిన మా వాళ్ళంతా కాకినాడ చుట్టుపక్కలే ఉన్నారు. వేమవరం ఊళ్ళో ఒక్కరూ లేరు. వేమవరంలో ఉన్నన్నాళ్ళూ మా పూర్వులను ఎవరూ వేమవరం వాళ్ళు అని ఉండరు. ఊరు వదిలి వచ్చాకే పక్కవాళ్ళు ఆ పేరు తగిలించారు. ఈ మాత్రం మన ఇళ్ళలో ఎవరికైనా తెలుసు. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు ఇంటిపేరు అడిగి, ఆ వెంటనే "మీవాళ్ళు అక్కణ్ణుంచి ఎప్పుడొచ్చారు?" అనే అడుగుతారు, అక్కడ ఉన్నారా అని అడగరు.

తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి ఆయన పెన్సిల్ సున్నా మీద చెయ్యి పెట్టాను. "సార్, మీరు వెతికేచోటు తప్పు."

గదిలో అందరూ తలెత్తారు. కెల్త్‌వెయిట్ గారు ఎప్పటిలాగే శాంతంగా, "ఎందుకని?" అన్నాడు.

"మీ వాళ్ళు ఆగినచోట మీరు వెతుకుతున్నారు. నూనె దొరికినచోట పుట్టలేదని నాకు చెప్పింది మీరే. ఊరి పేరు ఊళ్ళో ఉన్నవాళ్ళకు పెట్టరు, వదిలి వచ్చినవాళ్ళకు పెడతారు. ఇదిగో, ఆర్మూర్ రషీద్‌ని అడగండి, ఆర్మూర్‌లో ఆయన్ని అలా ఎవరైనా పిలుస్తారేమో. మీ ఊరు ఈ సున్నాలో ఉండదు. బయట ఉంటుంది. అక్కడ మీ పేరున్న మనిషి ఒక్కడూ ఉండడు."

"లేనిచోట వెతకమంటావా?"

"అవును సార్."

రషీద్ నన్ను చూసి, "అక్కా, నౌకరీ పాయె" అన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. అప్పుడు కెల్త్‌వెయిట్ గారు లేచి, గోడమీది పటంలో ఉత్తరాన ఉన్న కొండలు చూపించాడు. తన పేరు చివరి ముక్కకు పాత భాషలో అడవి కొట్టి చదును చేసిన నేల అని అర్థమట. అలాంటి చివర ఉన్న పల్లెలు ఆ కొండల్లోనే ఎక్కువట. సూదులన్నీ దక్షిణాన పడేసరికి ఆ సంగతి తనే పక్కన పెట్టేశాడట. రబ్బరు తీసుకుని తన సున్నాను తనే చెరిపేశాడు. అంత పెద్దమనిషి, అందరి ముందూ.

ఇక మొదలైంది మా వేట. ఆ కొండల పాత పటాలకు నకళ్ళు కావాలని ఇంగ్లండులోని స్నేహితుడి ప్రాణం తీశాడాయన. సెలవునుంచి వచ్చేవాళ్ళు ఒక్కొక్క పటాల చుట్ట మోసుకొచ్చేవారు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూసెయ్యగానే నేను భూతద్దం పట్టేదాన్ని. ఇంట్లో కూడా అవే కబుర్లు. "ఇంటిపేరు అంటావు, ఊరంటావు, కొంపదీసి దొరగారికి సంబంధం చూస్తున్నావేంటే?" అనేవాడు మా ఆయన. "గోత్రం ఒక్కటే మిగిలింది, అదీ కనుక్కుంటాను" అనేదాన్ని. పైకి అంత ధీమాగా అంటున్నా, వేసవి దగ్గర పడేకొద్దీ నాకు లోపల గుబులుగానే ఉండేది. దొరక్కపోతే, లేని ఆశ పెట్టినదాన్ని నేనే అవుతాను.

దొరికింది. రెండు కొండల నడుమ సన్నటి వాగు, వాగు పక్కన చుక్కల గీతతో పాడుబడ్డ గోడలు, వాటి పక్కన చీమంత అక్షరాల్లో ఆయన ఇంటిపేరు. నేను అరిచిన అరుపుకు నకళ్ళ యంత్రం దగ్గరున్న రషీద్ పరుగెత్తుకొచ్చాడు. కెల్త్‌వెయిట్ గారు భూతద్దం పెట్టి చూశాడు, తీశాడు, మళ్ళీ చూశాడు. ఆయన వేలు వణికింది. "నువ్వు చదువు" అన్నాడు నాతో. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. రషీద్ కూడా చదివాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో కేసరి చేశాను, కాలనీలో అందరికీ పంచాను. ఎవరు పాసయ్యారని అడిగారు. మా సార్‌కి ఊరు దొరికిందన్నాను.

అయితే పటంలో పేరుంటే చాలదని ఆయనే అన్నాడు. అక్కడ నిజంగా మనుషులు ఉండేవాళ్ళా, వాళ్ళు ఆ పేరు మోసుకుని బయటికి వచ్చారా, అది తేలాలి కదా. కాంట్రాక్టు ముగిసిన వెంటనే తిన్నగా అక్కడికే వెళ్తున్నానని చెప్పి విమానం ఎక్కాడు. ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా నేనూ రషీదూ ఉలిక్కిపడేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం మోగింది. రషీద్ ఎత్తి, స్పీకర్ మీట నొక్కి, గది మొత్తానికి వినపడేలా పెట్టాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా గొంతు పెంచని మనిషి అవతలినుంచి అరుస్తున్నాడు. వాగు ఉంది, గోడలు ఉన్నాయి, పక్కనున్న పొలంవాళ్ళ ముసలమ్మను ఆ చేను పేరేమిటని అడిగితే, "అదా, కెల్త్‌వెయిట్ చేను" అని, ఇందులో అడిగేందుకేముంది అన్నట్టు చెప్పింది. లోయ కింద చర్చి దగ్గర నాచు గీకి చూస్తే ఆ పేరుతో సమాధిరాయి ఉంది. అనాథాశ్రమం పుట్టకముందే ఎప్పుడో వేసిన రాయి. ఎవరూ కల్పించిన పేరు కాదు. అక్కణ్ణుంచి మిల్లు కూలికి నడిచి వెళ్ళిన మనుషుల పేరు.

"సుభద్రా, వింటున్నావా?" అన్నాడు.

"వింటున్నాను సార్."

"ఆ చేలో నిలబడి మా నాన్న పేరు మొత్తం గట్టిగా పలికాను. గొర్రెలు తప్ప ఎవరూ లేరు. అయినా పలికాను. 'నాన్నా, మనూరొచ్చాం' అని చెప్పాను."

రషీద్ బల్లమీద చేత్తో దరువు వేశాడు. పక్క గదులవాళ్ళు ఏమైందోనని తొంగి చూశారు. నేను నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూనే రషీద్‌తో కలిసి చప్పట్లు కొట్టాను.

ఆయన ఆ లోయలోనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని చివరిదాకా అక్కడే ఉన్నాడు. ఆయన దుఖాన్ వదిలిన కొన్నాళ్ళకు మ్యాపుల గది నా చేతికి వచ్చింది. గదిలోకి వచ్చిన పిల్లలందరికీ ఆయన లాగే తప్పు చెప్పే అవకాశం ఇచ్చాను, తప్పు చెప్పాక కూర్చోమన్నాను. పై అధికారి వచ్చి నన్ను అడిగితే, గీసినవాళ్ళను అడగమన్నాను. అది ఆయన దగ్గర తెచ్చుకున్నది. ఎవరైనా కుర్చీలోంచి లేవకుండా "అలాంటిదేమీ లేదు" అంటే నాకు ఇప్పటికీ అదే కోపం వస్తుంది, అది మాత్రం నాదే. అంత పెద్దాయనతో మీరు వెతికేచోటు తప్పు అనగలిగే ధైర్యం నాకు ఆయనే ఇచ్చాడు, ఆ ధైర్యంతోనే నేను ఆయన్ని వాళ్ళ ఊరు చేర్చాను. ఇది చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను.