తొమ్మిదో భాగం దగ్గర

రేవతి ఎవరి చెయ్యీ తనంతట తాను పట్టుకోదు. రక్తపరీక్షకు వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోగానే తన అరచెయ్యి వెల్లకిలా చాచి ఆగుతుంది. సూదికి భయపడి చెయ్యి కొంగులో దాచుకునేవాళ్ళుంటారు. కొండ దిగి గుండుతో వచ్చి బిక్కమొగం వేసే పిల్లలుంటారు. ఎవరైనా సరే, ఆ చెయ్యి తానై వచ్చి తన అరచేతిలో వాలాకే రబ్బరు పట్టీ అందుకుంటుంది. తిరుపతి బస్టాండు వెనకవీధిలో ఉన్న ఆ చిన్న ల్యాబులో, ఆమె దగ్గర ఏడ్చిన పిల్లలు తక్కువ.

కొరియా సీరియళ్ళకూ ఆమె పెట్టిన పరీక్ష అదే.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక, తనతో పనిచేసే స్టెల్లా ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి పెట్టేది. ఇద్దరికీ చెరొక ఇయర్‌ఫోను. తెలుగు మాటలు ఒక దారిన, తెరమీద పెదవులు ఇంకో దారిన పోయేవి. ఇద్దరూ విరగబడి నవ్వుకునేవాళ్ళు. హీరో ఎంత అందగాడైనా కానీ, వానలో గొడుగు మొత్తం హీరోయిన్‌కే పట్టి తాను తడిసిపోనీ, ఆమె వెళ్తానన్నప్పుడు మణికట్టు పట్టుకుని బరబరా లాక్కుపోయాడంటే రేవతి వేలు తెరమీద పడేది. ఇక ఆ సీరియల్ అంతటితో సరి.

"పదహారు భాగాలుండాయి మే. రెండోదానికే పీక పిసికేస్తే ఎట్ల?" అని స్టెల్లా మొత్తుకునేది. "కడాకు మారతాడు. అందరూ మారతారు."

"మారినాక పిలువు. వచ్చి సూస్తా."

పక్కనున్న హాస్టలు పిల్లలు కూడా కొత్తది మొదలుపెట్టే ముందు, "అక్కా, దీన్ని కడదాకా సూడొచ్చునా?" అని వచ్చి అడిగేవాళ్ళు. రేవతి ఊ అంటే చూసేవాళ్ళు. ఊహూ అంటే లేదు.

ఈసారి ఆమె వేలు పడలేదు.

అది నూడుల్స్ అంగడి నడిపే అబ్బాయి, పళ్ళ డాక్టరమ్మ కథ. ఎనిమిది భాగాలు హాయిగా సాగింది. తొమ్మిదోదాంట్లో, స్నేహితుల విందు మధ్యలోంచి అతను ఆమెను మణికట్టు పట్టి వీధిలోకి ఈడ్చుకొచ్చాడు. రేవతి వేలు లేచింది. తెరకు బెత్తెడు ఎడంలో నిలిచింది. తెరమీది పిల్ల కోపంగా చూసింది. అంతలో అతనేదో హాస్యమాడాడు. ఆమె నవ్వేసింది. అతను వదిలాడు.

"సాగనీ," అంది రేవతి.

స్టెల్లా వింతగా చూసింది. కారణం మాత్రం ఆమెకు తెలుసు.

చిత్తూరులో బెల్లం మండీ వాళ్ళ అబ్బాయి భానుచందర్‌తో రేవతికి సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల్లో అందరూ వంట వచ్చునా అని అడిగేవాళ్ళే. అతను మాత్రం, "నా మొగం సూసి రక్తం ఏ గుంపో సెప్పు, సూద్దాం," అన్నాడు. రేవతి పక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే ఇంట్లోవాళ్ళు సరేననుకున్నారు. ఆమె కూడా.

పోయిన వారం అతను తిరుపతికి వచ్చాడు. టిఫిన్ తిన్నాక ఆమె డ్యూటీకి టైమైందని లేచింది. ఇంకాసేపు తిరుగుదామన్నాడు. వీలుకాదంది. బస్టాండు జనం మధ్యలోంచి మణికట్టు పట్టి బండి దాకా లాక్కుపోయాడు. వదలమంటే, "జనం సూస్తాండారు, గమ్మునుండు," అన్నాడు, నవ్వుతూనే.

ఇంట్లో చెప్పింది. తండ్రి పరంధామయ్య వియ్యాలవారికి ఫోన్ చేశాడు. పెద్దలు తేల్చిన మాట ఒకటే: ఆదివారం కాణిపాకంలో సామి ముందర పిల్లోడు ప్రమాణం చేస్తాడు, ఇక పిల్లమీద చెయ్యి వెయ్యనని. తరవాత అక్కడే తాంబూలాలు. ఆ సామి ముందర అబద్ధపు ప్రమాణం చెయ్యడానికి ఈ చుట్టుపక్కల దొంగ కూడా జంకుతాడు. భానుచందర్ ఒక్కమాటకే ఒప్పుకున్నాడని విని అందరి గుండెలూ కుదుటపడ్డాయి. అందుకే తొమ్మిదో భాగం ఆగలేదు.

శనివారం సాయంత్రం అతను ల్యాబుకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"తియ్యి. నా రక్తంలో నువ్వెంతుండావో సూసి సెప్పు."

స్టెల్లా కిసుక్కుమంది. రేవతి సూదికున్న మూత తీసి, అలవాటుగా ఎడమ అరచెయ్యి చాచింది. అతని చెయ్యి వచ్చి వాలింది. వాలి, జరిగి, ఆమె మణికట్టు చుట్టూ బిగిసింది.

"కోపం పోయిందా?"

"సూది చేతిలో ఉండాది. వదులు."

"రేపు ప్రమాణం చేస్తాండా గదా. ఈ ఒక్క పూటే మిగిలుండేది." అతను నవ్వాడు. "నువ్వూ నవ్వు. వదిలేస్తా."

ఫ్యాను తిరుగుతోంది. స్టెల్లా లేచి నిలబడింది. బయట బల్లమీద ఇద్దరు ముసలివాళ్ళు చీటీలు పట్టుకుని చూస్తున్నారు. సూది మొన అతని చేతికి రెండు వేళ్ళ దూరంలో ఉంది. రేవతి దాన్ని కదలనివ్వలేదు. అతని పట్టుకు ఆమె ఎడమచేతి వేళ్ళు చల్లబడుతున్నాయి.

నవ్వింది.

"అద్దీ," అని అతను వదిలాడు. చొక్కా చెయ్యి దించుకుని, ముసలివాళ్ళను కూడా పలకరించి వెళ్ళిపోయాడు.

రేవతి సూదిని డబ్బాలో పడేసి కూర్చుంది. ఆ నవ్వును ఆమె గుర్తుపట్టింది. తెరమీది పిల్ల నవ్వినప్పుడు అది నవ్వేననుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి తల్లి సుబ్బులమ్మ పళ్ళేల్లో పసుపు కుంకుమ సర్దుతోంది. రేవతి జరిగింది చెప్పి చెయ్యి చూపింది.

"ఈ రోజు దాకానే గదమ్మా," అంది తల్లి, కళ్ళెత్తకుండా. "సామి ముందర మాటిచ్చినాక తప్పుతాడా? తప్పితే ఆ సామే సూసుకుంటాడు."

"ఆయన్ను సామి సూసుకుంటాడు. నన్నెవరు సూసుకుంటారు?"

సుబ్బులమ్మ తమలపాకులు తుడుస్తూ ఉండిపోయింది. పరంధామయ్య వాకిట్లో వ్యానువాడితో పొద్దున్నే రమ్మని మాట్లాడుతున్నాడు.

మరునాడు వ్యాను వచ్చి నిలిచింది. పట్టుచీర మడత విప్పలేదు. రేవతి రోజూ కట్టే నూలుచీర కట్టుకుని, తల్లిదండ్రులు చూస్తుండగానే భానుచందర్‌కు ఫోన్ చేసింది.

"కాణిపాకం వద్దు. ప్రమాణమూ వద్దు. ఈ సంబంధం నాకొద్దు."

అవతల అతను పెద్దగా నవ్వాడు. "పొద్దున్నే ఎగతాళా?"

"నేను నవ్వడంలేదు," అని పెట్టేసింది.

పరంధామయ్య నోరు తెరిచాడు. సుబ్బులమ్మ భర్త భుజంమీద చెయ్యి వేసింది. రేవతి వ్యాను పక్కనుంచి నడిచి ల్యాబుకు వెళ్ళింది. తొమ్మిదో భాగం దగ్గరున్న సీరియల్‌ను స్టెల్లా తన ఫోనులోంచి అప్పటికే తీసేసింది.

పరగడుపున వచ్చిన ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. ఆమె మణికట్టు మీద కమిలిన చారలు చూశాడు.

"ఏందిమ్మా అది?"

"నిన్న ఒకాయన పట్టుకున్నాడు పెద్దాయనా," అంది రేవతి. అరచెయ్యి చాచి ఆగింది.