నూటముప్పై అడుగుల ముక్క

మా నాన్న జకర్యా గురించి చెప్పాలంటే ముందు ఆయన గర్వం గురించి చెప్పాలి. చర్లలో టూరింగ్ టాకీస్ డేరా ఉన్న రోజుల్లో ఆయన ఆపరేటరు. అప్పట్లో చాలామంది ఆపరేటర్లు రీలు చివర నాలుగు బొమ్మలు కత్తిరించి పిల్లలకు అమ్ముకునేవారు. పిల్లలు వాటిని భూతద్దం పెట్టి గోడ మీద చూసుకునేవారు. మా నాన్న మాత్రం ఒక్క బొమ్మ కూడా కోయలేదని చుట్టుపక్కల పేరు. కోసేవాళ్లను ఫిలిం దొంగలనేవాడు, మా గడప తొక్కనిచ్చేవాడు కాదు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా ఆ గర్వం దిగలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నా యేసయ్య కంటే ముందు సినిమా మిషన్ గురించే మొదలుపెడతాడు.

అలాంటి మనిషి బట్టల పెట్టె అడుగున, బిస్కెట్ డబ్బాలో ఒక ఫిలిం ముక్క ఉంది. దాన్ని బయటపెట్టింది నేనే. నా నోరూ నా ఫోనూ రెండూ ఊరుకోవు.

పోయిన ఏడాది ఫోనులో ఒక ప్రకటన చూశాను. పాత తెలుగు గూఢచారి సినిమా ఒకదాన్ని హైదరాబాదులో ఎవరో గీతలు తుడిచి, రంగులు సరిచేసి, డిస్కుగా తెస్తున్నారు. మిగిలింది ఒక్కటే ప్రింటు, అందులో పదమూడో రీలులో నిమిషన్నర లేదు, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి అని రాశారు. నాన్న నోట వందసార్లు విన్న సినిమా అది, డబ్బా మూత మీదా దాని పేరే రాసి ఉంది. ముక్కను కిటికీ వెలుతురుకు పట్టి, ఫొటో తీసి పంపేశాను. వారం తిరక్కుండా సాహిత్య అనే అమ్మాయి ఫోన్ చేసింది. ముక్క తీసుకుంటారట, డిస్కులో సినిమాతో పాటు బోనస్‌గా వేయడానికి నాన్నను మాట్లాడిస్తారట.

వాళ్లు రేపు వస్తారనగా నాన్న అసలు సంగతి చెప్పాడు.

"ఎంత పని చేసినవే దీవెనా! ఆ ముక్కల ఏమున్నదో ఎరుకనా? ఇన్‌ఫార్మర్‌ని చెట్టుకు కట్టేసి కాల్చేది."

నేను తలుపు దగ్గరగా వేశాను. మా ఎదురింటి సోమ్లి అత్త భర్త బిచ్యాను ముప్పై నాలుగేళ్ల కిందట పోలీసు ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి ఎవరో పట్టుకుపోయారు. తెల్లారి పోడు చేను గట్టున శవం దొరికింది. అతను నిజంగా ఎవరికైనా ఏమైనా చెప్పాడో లేదో ఎవరూ చూడలేదు, కానీ ఊరు తేల్చేసింది. సోమ్లి అత్త నీళ్లకు వస్తే ఆడవాళ్లు మాటలు ఆపేసేవారట. ఇన్నేళ్లకు ఇప్పుడిప్పుడే జనం ఆ మాట మరిచారు.

బిచ్యా పోయి నెల కాకముందే ఆ సినిమా డేరాకు వచ్చింది. మొదటి రోజు ఆ సీనుకు జనం ఈలలు వేశారు. మర్నాడు చంటిబిడ్డతో సోమ్లి అత్త వచ్చి ఇసుకలో కూర్చోవడం నాన్న మిషన్ గది కంతలోంచి చూశాడు. మిషన్ ఒక్కటే కాబట్టి రీలుకూ రీలుకూ మధ్య ఆట ఆగుతుంది. ఆ కాస్త వ్యవధిలో కత్తెర పట్టాడు. నూటముప్పై అడుగులు కోసి, కొసలు అతికించి, ఆట నడిపించాడు. తెల్లారేసరికి ఫిలిం పెట్టె బస్సెక్కింది. ముక్క మా ఇంట్లో మిగిలిపోయింది.

"ఎందుకు కోసినవంటే ఏం జెప్పాలె? సోమ్లి కోసమంటే, మరిచిపోయిన ఊరికి నేనే గుర్తు జేసినట్టు గాదా? డిస్కుల పడ్డంక ఇగ పోదు," అన్నాడు.

"ముక్క లేదని చెప్దాం నాన్నా."

"ఫొటో పంపితివి గద!"

నా వేళ్లు విరిచేసుకోవాలనిపించింది.

మర్నాడు పదింటికి మా వరండాలో కెమెరా నిలబెట్టారు. దాన్ని చూసి సోమ్లి అత్త చింతపండు చేటతో సహా వచ్చి మా మెట్టు మీద కూర్చుంది.

"అత్తా, ఎండెక్కుతది, ఇంటికి పో," అన్నాను.

"ఎండ నాకు కొత్తనా?" అని గింజలు తీయడం మొదలుపెట్టింది.

డబ్బా మూత తీస్తే పాత ఫిలిం పుల్లటి వాసన గుప్పుమంది. సాహిత్య తెల్ల గ్లవుజులతో ముక్క కొస పైకెత్తి చూసింది.

"అంకుల్, ఇది తెగింది కాదు. కత్తెరతో నీటుగా కోశారు. ఎవరు?"

"నేనే."

"ఎందుకు?"

నాన్న మెట్టు వైపు ఒక్కసారి చూశాడు.

"దొంగతనానికి," అన్నాడు. "బొమ్మలు కోసి పిల్లలకు అమ్ముకుందామని. అందరు ఆపరేటర్ల లెక్కనే నేను గూడ."

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే చెంప పగిలేది. నాకు ఏడుపొచ్చింది.

"సూపర్ అంకుల్, చాలా నిజాయితీగా చెప్పారు," అంది సాహిత్య. ఆ పిల్ల మీద అరవబోయి ఆగాను.

"ఆ బిడ్డకు అబద్ధం జెప్పకు అన్నా."

సోమ్లి అత్త తల ఎత్తకుండానే అంది. కెమెరా అతను చెయ్యి ఆపాడు.

"మొదటి దినం గూడ నేను వచ్చిన. జనం ఎనక నిలబడి చూసిన. ఈలలు గూడ ఇన్న. మా ఆయన గూడ గట్లనే సచ్చిండా అని పాణం ఊకోక మల్ల వచ్చిన. రెండో దినం అది లేదు. తిరిగి నీ మిషన్ దిక్కు చూసిన."

ముప్పై నాలుగేళ్లు ఎదురెదురు ఇళ్లలో ఉండి ఇద్దరూ ఈ ముచ్చట ఎత్తలేదు.

ఆమె చేట దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, నాన్న కుర్చీ దగ్గరికి వచ్చింది.

"లే అన్నా."

"వద్దు చెల్లె. ఊరు మల్ల ఆ మాట ఎత్తుకుంటది."

"ఎత్తుకోనీ."

నాన్న లేచాడు, ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. సాహిత్య నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"నా పేరు సోమ్లి. మా ఆయన పేరు బిచ్యా. ఆయన ఎవరి సంగతీ ఎవరికీ చెప్పలే. ఈ అన్న దొంగ గాదు. నేను చూడొద్దని కోసిండు."

నాన్న వెళ్లి ఆమె లేచిన మెట్టు మీద కూర్చున్నాడు. చేట ఒళ్లో పెట్టుకుని, మిగిలిన చింతపండులో గింజలు తీస్తూ ఉండిపోయాడు.