యాక్సిల్ మీది రేకు

మెట్టుగూడ సమాధుల దగ్గర ప్రార్థన ముగిశాక పాస్టరుగారు నా వైపు తిరిగి, పోయినాయన గురించి యూనివర్సిటీ తరఫున రెండు మాటలు చెప్పమన్నారు. "పనిమంతుడు, నిజాయితీపరుడు" అని చెప్పి పక్కకు జరిగాను. రెండూ నిజమే. కానీ ఆ మాటలు అక్కడ ఎవరైనా చెప్పగలరు. నేను మాత్రమే చెప్పవలసింది ఒకటి ఉంది. అది చెప్పకుండా ఇంటికి వచ్చేశాను.

అరవైల చివర నేను జియాలజీ డిపార్టుమెంటులో డిమాన్‌స్ట్రేటర్‌ని. కడప జిల్లా నుంచి వచ్చి తార్నాకలో ఒక గది తీసుకుని ఉండేవాణ్ణి. ఇప్పుడు పోయినాయన మా డిపార్టుమెంటు ట్రక్కుకు మెకానిక్కు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుని మా దగ్గర టెంపరరీగా చేరాడు. హెడ్డుగారి దగ్గర్నుంచి అటెండరు దాకా అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆర్నెల్లకొకసారి ఆయన ఆర్డరు తిరగరాసేవారు. ఆ ఏడు చలికాలం విద్యార్థుల టూరు సవ్యంగా జరిగితే పర్మనెంటు చేయిస్తానని హెడ్డుగారు మాట ఇచ్చారు. ఉస్తాద్‌కు నలుగురు పిల్లలు. ఆ మాట కోసం ఆయన ఎంతగా ఎదురుచూశాడో, మధ్యాహ్నం వేపచెట్టు కింద అన్నం తింటూ "ఆర్డరు టైపు అయితె ఎట్లుంటది సారూ, పచ్చ కాయితమా తెల్లదా?" అని అడిగినప్పుడు తెలిసింది.

ట్రక్కు మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మేసినది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. దాని వెనక బోరు వేసే సామాను, నీళ్ళ ట్యాంకు ఎక్కించి రాళ్ళ దారుల్లో నడిచేటట్టు మార్చుకున్నాం. ఆ బరువును ముందు చక్రాల యాక్సిల్ మోయలేకపోయింది. వాగులో ఒక బండను ఎక్కేటప్పుడు దాని గొట్టం చీలింది. ఇంకా గట్టిది కావాలి. టూరుకు పది రోజులుంది.

కొత్త యాక్సిల్‌ను ఎట్లా గుర్తుపట్టాలో ఉస్తాద్ నాకు చెప్పాడు. మధ్యలో పళ్ళచక్రాలుండే ఉబ్బు మన ట్రక్కుకు కుడివైపున ఉంటుంది, అది కూడా అటే ఉండాలి. గొట్టం లావు దారంతో చుట్టి కొలవాలి. స్ప్రింగు పట్టీలు కూర్చునే చోట్ల మధ్య దూరం చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముందు పళ్ళ లెక్కా వెనక పళ్ళ లెక్కా ఒకటే కావాలి. వెనకది ఎంతో తెలుసుకోవటానికి ఒక చక్రాన్ని కట్టేసి, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాడు. మధ్యలోని పొడుగు షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, అదెన్ని చుట్లు తిరిగిందో నన్ను చూడమన్నాడు. ఆరుకు కాస్త తక్కువ.

"ముందుది గూడ గంతే తిరగాలె. లేకుంటె రెండు ఎద్దులు రెండు నడకలు నడిచినట్టయితది" అన్నాడు.

ఇద్దరం రాణిగంజ్‌లో ఒక తుక్కు దుకాణానికి వెళ్ళాం. రెండు యాక్సిళ్ళు దొరికాయి. రెంటికీ ఉబ్బు కుడివైపే, గొట్టాలు లావే. ఒకటి ఆకుపచ్చ రంగుతో శుభ్రంగా ఉంది. దాని ఉబ్బు మూతకు ఒక బోల్టు కింద ఇరికించిన చిన్న రేకు ఉంది, రేకు మీద పళ్ళ లెక్క తెలిపే అంకె ఉంది. నేను లైబ్రరీ నుంచి తెచ్చిన మిలిటరీ పుస్తకం తెరిచి చూశాను. మా వెనక యాక్సిల్ అంకె అదే. రెండోది తుప్పు పట్టి మట్టిలో పడి ఉంది. రేకు లేదు.

ఉస్తాద్ తుప్పు పట్టినదాని దగ్గర కూర్చుని చక్రం తిప్పాడు. కిర్రుమంటూ తిరిగింది. లెక్కపెట్టాడు. "గిది మనది" అన్నాడు. ఆకుపచ్చది తిరగలేదు. లోపల నూనె ఎండిపోయి బిగుసుకుంది. మూత విప్పి పళ్ళు లెక్కపెడతానన్నాడు.

దుకాణం ఆయన స్టూలు మీది నుంచి లేవకుండానే, "కొనుక్కోని విప్పుకో భాయ్. అందరికి విప్పి చూపిస్తే నా దుకాణం డాక్టరు దుకాణం అయితది" అన్నాడు.

"రాసి ఉంది కదా ఉస్తాద్" అన్నాను నేను.

"రాసినోడు ఎవడో మనకు ఎరుకనా సారూ? బోల్టుల తలలు చూడుండ్రి. ఎవడో పానా పెట్టి విప్పిండు. విప్పినోడు లోపల ఏం మార్చిండో, రేకు ఏడికెల్లి తెచ్చి పెట్టిండో."

"విప్పాడంటే బాగుచేశాడనే కదా?"

ఉస్తాద్ నవ్వాడు. "మీ దగ్గర చీటీ లేకుంటె రాయి గూడ రాయి కాదు."

అది దెప్పిపొడుపే. అంతకు నెల ముందు ఆయన ట్రక్కు జరగకుండా టైరు కింద ఒక రాయి పెట్టాడు. అది మా మ్యూజియం రాయి, చీటీ అంటించినది. హెడ్డుగారు అందరి ముందూ కోప్పడ్డారు. చీటీ లేని రాయిని మేం నమూనాగా లెక్కించేవాళ్ళం కాదు. ఎక్కడ దొరికిందో రాసి లేని రాళ్ళను గంపలకెత్తి బయట పారబోసేవాళ్ళం. నాకు ఆ చదువే వచ్చు. ఆ చదువుతోనే ఆకుపచ్చ యాక్సిల్‌ను ఎంచాను. ఎంపిక చేసినట్టు కాగితం మీద సంతకం పెట్టాను. ఉస్తాద్ తుప్పు యాక్సిల్‌ను కాలితో ఓసారి కదిపి, రిక్షా పిలవటానికి వెళ్ళాడు.

మూడు రోజుల తర్వాత మా షెడ్డుకు పిలిచాడు. యాక్సిల్‌లో కిరోసిన్ పోసి నానబెట్టాడట. ఇప్పుడు తిరుగుతోంది. సుద్ద గీత గీసి, "మీరే లెక్కపెట్టుండ్రి" అన్నాడు.

ఐదుకు తక్కువ వచ్చింది.

మళ్ళీ తిప్పమన్నాను. మళ్ళీ అంతే.

"పాత గేర్లు, లోపల వదులుంటుంది. ఆ తేడా అయ్యుంటుంది" అన్నాను.

"వదులుంటె పావు చుట్టు పోతది సారూ. చుట్టుకు చుట్టే పోతదా?"

ఆయన చెప్పింది సరైనదేనని నాకు ఆ క్షణమే తెలుసు. కానీ సంతకం చేసిన కాగితం ఆఫీసులో ఉంది. హెడ్డుగారి దగ్గరికి వెళ్ళి తప్పు కొన్నానని చెప్పాలి. మళ్ళీ అనుమతి, మళ్ళీ రాణిగంజ్. టూరు వాయిదా పడుతుంది. నేను అన్న మాటలు ఇవి: "పుస్తకంలో ఉన్నది రేకు మీదా ఉంది. బిగించెయ్యండి. టూరు తప్పితే మీ ఆర్డరు కూడా తప్పుతుంది."

బెదిరించాలని అనలేదు. కానీ వినేవాడికి అది మరోలా వినబడే మాట కాదు. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుని, "మంచిది సారూ" అన్నాడు. సాయంత్రానికి బిగించాడు.

క్యాంపస్ రోడ్ల మీద ట్రక్కు బాగానే నడిచింది. రోడ్డు మీద ముందు చక్రాలకు బలం ఇవ్వనక్కర్లేదు. టూరులో రెండో రోజు ఇసుక వాగు దాటేటప్పుడు ఇచ్చారు. ఇసుకలో చక్రాలు జారతాయి కాబట్టి తేడా తెలియలేదు. వాగు దాటగానే రాతి నేల, ఎత్తు; అక్కడ చక్రాలు జారవు. ఉస్తాద్ అరిచి డ్రైవరును ఆపమనే లోపే కింద పెద్ద చప్పుడైంది. ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టె పగిలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. విద్యార్థులు బస్సెక్కి వెనక్కి వచ్చారు. టూరు అక్కడితో ముగిసింది.

హెడ్డుగారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. కోపంగా లేరు. అలసిపోయినట్టున్నారు.

"యాక్సిల్ ఎవరు బిగించారు?"

"నేనే బిగించిన సార్" అన్నాడు ఉస్తాద్.

ఎవరు ఎంచారని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవటం లేదు. ఆ గదిలో చెప్పటానికి కావలసినంత సమయం ఉంది. గోడ గడియారం శబ్దం నాకు గుర్తుంది. ఉస్తాద్ నా వైపు ఒకసారి చూశాడు, తర్వాత బల్ల మీది కాగితాల వైపు చూశాడు. నెలాఖరుకు ఆయన ఆర్డరు తిరగరాయలేదు.

ఆయన లాలాగూడలో సొంతంగా ఒక షెడ్డు పెట్టుకున్నాడని విన్నాను. వెళ్ళటానికి నాకు ఏడాది పట్టింది. వెళ్ళేసరికి రాళ్ళ క్వారీ వాళ్ళ ట్రక్కొకటి దిమ్మల మీద ఎత్తిపెట్టి ఉంది. దాని ముందు చక్రాలకు బిగించి ఉన్నది రాణిగంజ్‌లో మేం వదిలేసి వచ్చిన ఆ తుప్పు పట్టిన యాక్సిలే. గీకి, నూనె రాసి పెట్టాడు.

"రాండ్రి సారూ. గీడ కూసోండ్రి" అని డబ్బా బోర్లించాడు. తర్వాత సుద్ద నా చేతికిచ్చాడు. "అటు చక్రం కట్టేసిన. నేను తిప్పుత, మీరు చూడుండ్రి."

గీత గీశాను. ఆయన రెండు చుట్లు తిప్పాడు. నేను షాఫ్టు మీది గీతను చూస్తూ లెక్కపెట్టాను. ఆరుకు కాస్త తక్కువ.

"ఉస్తాద్, ఆ రోజు గదిలో నేను చెప్పాల్సింది. యాక్సిల్ ఎంచింది నేను. మీరు వద్దన్నారు, లెక్కపెట్టి చూపించారు కూడా" అన్నాను.

ఆయన చక్రానికి కట్టిన తాడు విప్పుతూనే ఉన్నాడు. "గిది నాకు ఎరుకే గద సారూ. నాకు చెప్తె ఏమొస్తది? ఆడ చెప్పాలె."

అందులో కోపం లేదు. పానా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పాడు. టీ తెప్పించాడు. పిల్లల చదువుల గురించి అడిగితే చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను తరచూ వెళ్తూనే ఉన్నా ఎత్తలేదు.

మర్నాడు హెడ్డుగారి గది దాకా వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. ఆయన ఏదో రాసుకుంటున్నారు. ఆ పోస్టులో అప్పటికే వేరే మనిషి వచ్చాడని, ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకు నేను చెప్పుకుని వెనక్కి వచ్చాను. హెడ్డుగారు పోయి చాలా కాలమైంది. ఉస్తాద్ చెప్పిన ఆ చోటు ఇప్పుడు లేదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. యాక్సిల్ ఎంచింది నేను. ఆయన లెక్క సరైనది.