రెండు చెక్కలకూ చుట్టం

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పుట్టింటి పక్క క్వార్టరు వడ్రంగి మావయ్య మొన్న ఉదయం పోయారని తమ్ముడు సైకిలేసుకుని వచ్చి చెప్పాడు. కడుగుతున్న బియ్యం అలాగే వదిలేశాను. ఆయన మాకు చుట్టం కాదు. అయినా నోరారా మావయ్యా అనే పిలిచేవాళ్లం.

రైల్వే వర్క్‌షాపులో బోగీల చెక్కపని ఆయనది. ఎవరింటికి వెళ్లినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, మంచాల్నీ కుర్చీల్నీ. అరచేత్తో నిమిరి, వంగి వాసన చూసి, కళ్లు మూసుకునేవారు. ఆ కాసేపూ ఏ అడవిలో తిరిగొచ్చేవారో! పిల్లలం, మాకు నవ్వాగేది కాదు.

నేను అదే ఊళ్లో సుభాష్‌పల్లిలో కాపురం పెట్టిన ఏడాది, ఎనభైల చివర్లో, అమ్మ పోయింది. ఆమె మామిడిచెక్క బీరువా మా ఇంటికొచ్చింది. అది లేత పసుపు. మా టేకు మంచమేమో ముదురు. రెండూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయని తోడికోడలు నవ్వింది. నాకు రోషం వచ్చింది. మావయ్యను పిలిచి బీరువాకు ముదురు పాలిష్ కొట్టమన్నాను.

"రంగొకటైతే కలిసిపోనట్టేటే అమ్మీ? మద్దెన ఓ సుట్టాన్ని కూకోబెడతాను. టేకు కాళ్లు, మామిడి పలకా పెట్టి సిన్న బల్ల సేస్తాను. కలపలేనోడికి సేతిలో కలపెందుకు?" అన్నారు.

"నీవల్ల కాపోతే సెప్పు మావయ్యా, ఇందా బజారు నుంచి ఏ బెంగాలీ మిస్త్రీ దాదానో పిలుసుకుంటాను" అన్నాను.

ఎంత మాటన్నానో! ఆయన పాలిష్ కలుపుకున్నారు.

సాయంత్రానికి ఒక తలుపు నల్లబడింది. పిడి పక్కన, ఏళ్లతరబడి అమ్మ చెయ్యి ఆని నున్నబడిన చోటు ఎక్కడుందో తెలియలేదు. భోరుమన్నాను.

"ఏడవకే. నీ మాట ఇన్నాను సూడు, నాదే తప్పు" అంటూ ఆయన గాజుపెంకు తీసి గీకడం మొదలుపెట్టారు. డ్యూటీ దిగి వచ్చి మూడు సాయంత్రాలు గీకారు. ఆ గరగర వింటూ, రాలే పొట్టు చూస్తూ, కలలో ఉన్నట్టు కూర్చునేదాన్ని. మూడోనాడు ఆ నునుపు బయటపడింది.

"ఇదిగోనే మీయమ్మ" అన్నారు.

ఆ వారంలోనే బల్ల కూడా చేసి తెచ్చారు. మంచానికీ బీరువాకూ మధ్య వేస్తే గది కుదుటపడింది.

నిన్న వాళ్లింటినుంచి వచ్చి, బీరువా తలుపు మీద చెయ్యి పెట్టాను. అమ్మ నునుపు. దాని చుట్టూ మావయ్య గాజుపెంకు గీసిన సన్నని గీతలు. ఎండ ఏటవాలుగా పడితేనే కనిపిస్తాయవి. ఎండ పోయేదాకా అక్కడే నిలబడ్డాను.