జనరల్ పేరు చివర ఆ రెండక్షరాలు

మా ఆయన జీవితంలో ఒక్కసారే గుర్రం ఎక్కారు, ఊటీలో. దిగాక నడుం పట్టేసి రెండు రోజులు హోటల్ గదిలోంచి బయటికి రాలేదు. అలాంటి మనిషి, ప్రష్యా అశ్వికదళ జనరల్ ఒకాయన జీవితచరిత్ర తెలుగులో రాస్తానని కూర్చున్నారు. ప్రష్యా అంటే ఇప్పటి జర్మనీలో కలిసిపోయిన పాత రాజ్యం. "ఎవరు చదువుతారండీ?" అని ఆటపట్టిస్తే, "నువ్వు లేవా?" అనేవారు. నేను చదవలేదు. పోయిన ఫిబ్రవరిలో ఆయన గుండెపోటుతో పోయారు. పదిరోజులయ్యాక కాగితాల పని మీద ఆఫీస్‌కి ఫోన్ చేస్తే, ఆయన ఉద్యోగం పోయి పదకొండు నెలలయిందన్నారు. ఆ పదకొండు నెలలూ ఆయన ఎనిమిదింటికల్లా లంచ్‌బాక్స్ పట్టుకుని, వెళ్ళొస్తానని చెప్పి మరీ బయల్దేరారు. ఇన్సూరెన్స్ నా హాస్పిటల్ ఉద్యోగం మీద ఉంది, బ్యాంకు వ్యవహారాలు ఆయనవి, నాకు అనుమానం రాలేదు. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసినదానికి ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? ఆ కోపంలో నేను సరిగ్గా ఏడవను కూడా లేదు. ఆయన బ్యాగ్‌లో మూడు నోట్‌బుక్కులు, విస్కాన్సిన్‌లోని ఒక చిన్న మ్యూజియం అడ్రస్ దొరికాయి. నాకు జవాబు కావాలి. అందుకే ఈ ప్రయాణం.

జూన్ మొదటి శనివారం ఉదయం ఏడింటికి ఇల్లినాయ్‌లోని మా ఊరు నేపర్‌విల్‌లో బయల్దేరాం. "నువ్వొక్కదానివే పోతా అంటే నేను ఊకుంటనా వదినా?" అని హాస్పిటల్‌లో నాతో పనిచేసే సునీత కార్ తీసింది. తనది వరంగల్, నాది తెనాలి. హైవే 355 మీద ఉత్తరానికి వెళ్ళి, హైవే 90 పట్టుకుని, రాక్‌ఫర్డ్ మీదుగా విస్కాన్సిన్‌లోకి వెళ్ళాలి. ఇల్లినాయ్ దాటేదాకా టోల్స్ ఉంటాయి, తర్వాత ఉండవు. జేన్స్‌విల్‌లో హైవే 26 ఎక్కి, జెఫర్సన్ దాటి కుడికి తిరిగితే న్యూ హాల్‌బెర్గ్ అనే ఊరు. ఆగకుండా వెళ్తే రెండున్నర గంటలు. రానూపోనూ గ్యాస్‌కి, అంటే పెట్రోల్‌కి, నలభై డాలర్ల లోపే అయింది.

సునీత డ్రైవ్ చేస్తుంటే నేను నోట్‌బుక్ పైకి చదివాను. జనరల్ ఫాన్ రెట్‌హోవ్ ప్రష్యాలోని పొమరేనియాలో, పేరుకి జమీందారీ, తిండికి బంగాళాదుంపలు ఉన్న ఇంట్లో పుట్టాడు. పదిహేడో ఏట గుర్రపు దళంలో చేరాడు. ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధంలో ఫిరంగుల మీదికి దళాన్ని నడిపించి గెలిచాడు. వెంట వెళ్ళినవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. ఆయన గుర్రం ఆయన కిందే కూలిపోయింది. పతకం ఇచ్చారు. మెట్టు మీద మెట్టు ఎక్కి అశ్వికదళ జనరల్ అయ్యాడు. అయ్యాక ఊరుకున్నాడా? కొత్త తుపాకుల ముందుకి గుర్రాలని తోలడమంటే మన మనుషుల్ని మనమే చంపుకోవడమని పై అధికారుల మొహం మీదే అనేశాడు. "గట్లంటే ఉంచుతరా మరి?" అంది సునీత. ఉంచారో తీసేశారో నాకూ అర్థం కాలేదు. అక్కణ్ణించి మాత్రం ఆయన పేరు చివర 'జెడ్.డి.' అని రెండక్షరాలు చేరాయి. దానికి తెలుగు మాట రాయాల్సిన ప్రతిచోటా మా ఆయన ఖాళీ వదిలేశారు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన డిసెంబర్‌లో ఒకరోజు అన్నం తింటూ, "పేరు పక్కన జెడ్.డి. అని ఉంటే ఏమనుకుంటావు?" అని అడిగారు. మా నాన్న వ్యవసాయశాఖలో గుమాస్తా. జాయింట్ డైరెక్టర్‌ని అందరూ జె.డి. గారనేవాళ్ళు. ఆయన తనిఖీకి వస్తున్నారంటే మా ఇంట్లో పిల్లలం కూడా గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. ఆ అలవాటుకొద్దీ, "జె.డి. కంటే పెద్దదేమో, జోనల్ డైరెక్టర్! మీ జనరల్‌కి ప్రమోషన్ వచ్చిందండోయ్" అన్నాను. ఆయన నవ్వి, పెరుగు అడిగారు.

మ్యూజియం అంటే పాత చర్చి పక్కన రెండు గదులు. బుధ, శనివారాల్లో పదింటి నుంచి రెండింటి దాకా తెరుస్తారు. టికెట్ లేదు, తలుపు దగ్గరి డబ్బాలో ఐదు డాలర్లు వేస్తే చాలు. జనరల్ కూతురు ఒక స్కూల్ మాస్టర్‌ని పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చేసిందట. తండ్రి రాసిన ఉత్తరాలు ఆవిడ దాచుకుంది, ఆయన పోయాక కత్తి, జీను ఓడలో వచ్చాయి. వీటిని చూసుకునే మార్లీన్ గారికి ఎనభై ఏళ్ళుంటాయి, ఒకప్పుడు జర్మన్ టీచర్. నా చేతిలో నోట్‌బుక్ చూడగానే, "ఇది రావ్‌ది కదా? ప్రతి బుధవారం వచ్చేవాడు. ఎందుకు మానేశాడు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

కాసేపయ్యాక జెడ్.డి. అంటే ఏమిటని అడిగాను. "రాజుగారు ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావడానికి సిద్ధంగా ఉండాలని అర్థం. పైకి మర్యాదే. నిజానికి పని లాక్కుని పక్కన కూర్చోబెట్టడం. ఆ పిలుపు ఆయనకి మళ్ళీ రాలేదు" అంది. "ఓహో, బెంచ్ మీద పెట్టిన్రు" అంది సునీత నాతో. ప్రాజెక్ట్ లేక ఖాళీగా ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్ళని మనమనే మాటే అది. మిగతా తెలుగేమీ అర్థం కాకపోయినా, ఆ ఒక్క మాటకి మార్లీన్ గారు ఉలిక్కిపడింది. "బెంచ్! రావ్ కూడా అదే అన్నాడు. నేనూ జెడ్.డి.నే మార్లీన్, బెంచ్ కూడా లేని జెడ్.డి.ని, అన్నాడు."

జనరల్ కూతురికి రాసిన ఉత్తరాలు తీసి ఆవిడ ఇంగ్లీష్‌లో చదివి వినిపించింది. కవాతులు, బాకాలు, కొత్త గుర్రాల తనిఖీ. నాలుగేళ్ళు అలాగే రాశాడు. అప్పటికి ఆయనకి దళమూ లేదు, గుర్రమూ లేదు. ఒక చిన్న ఊళ్ళో అద్దె గదుల్లో ఉంటూ, రోజూ పొద్దున్నే యూనిఫాం వేసుకుని స్టేషన్ దాకా నడిచి వెనక్కి వచ్చేవాడట. కూతురికి ఆ సంగతి పేపర్లో చావు కబురు చూశాకే తెలిసింది, పేరు చివర రెండక్షరాలుగా.

"తన లంచ్‌బాక్స్‌లోని పుల్లటి అన్నం నాకూ పెట్టేవాడు. తింటూ, మీ ఆవిడకి చెప్పు అని రావ్‌తో ఎన్నిసార్లు అన్నానో" అంది మార్లీన్ గారు. "ఒకసారి చెప్పబోయాడట. మీరు దాన్ని ప్రమోషన్ అనుకుని సంతోషపడ్డారట. ఆ మొహం చూశాక ఇంక నోరు రాలేదన్నాడు."

నిజం చెప్తున్నాను, నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, అసూయ. నాకు చెప్పని మాట ఎవరో తెలియని ఆవిడకి చెప్పుకున్నారు. నేను కట్టిచ్చిన గోంగూర పచ్చడన్నం ఆవిడతో పంచుకుని మరీ చెప్పుకున్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక ఏడుపొచ్చింది, నాలుగు నెలల ఏడుపు. "ఏడ్వు వదినా, మంచిగ ఏడ్వు" అని సునీత నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఒంటిగంటకి పక్క వీధిలోని డైనర్‌లో బంగాళాదుంప అట్లు తెప్పించుకున్నాం. యాపిల్ గుజ్జుతో ఇస్తారు, ప్లేట్ పదకొండు డాలర్లు, మాంసం తినని వాళ్ళకి ఆ ఊళ్ళో అదే గతి. నేను సగం వదిలేస్తే వంటాయన బయటికొచ్చి, "బాగా లేదా? ఇంకోటి వేసిస్తాను" అన్నాడు. బాగుందనే చెప్పాను. వేడి తగ్గకుండా మూత పెట్టి ప్యాక్ చేసిచ్చాడు.

జనరల్ అబద్ధాలకోరని ఆ కూతురు అనుకుందో లేదో ఉత్తరాల్లో లేదు. నేను మాత్రం మా ఆయన్ని నాలుగు నెలలు అలాగే అనుకున్నాను. ఆయన చెప్పలేదని కదా నా కోపం? చెప్పారు. నా ఎదురుగా కూర్చుని, తనకి చేతనైన పద్ధతిలో చెప్పారు. నేను వడ్డిస్తూ, నవ్వుతూ, వినిపించుకోలేదు. గుర్రం ఎక్కడం రాని మనిషి, దిగడం కూడా రాక అలాగే ఉండిపోయారు. ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు, కానీ అందులో సగం ఇప్పుడు నా వాటా.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక్క మాట. హైవే 26 దిగాక ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకని ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పి బయల్దేరండి. వాళ్ళు ఏదో పనిలో ఉండి సరిగ్గా వినకపోతే, ఇంకోసారి చెప్పండి.