సకినాల డబ్బాలో ఊలు

నేను ఊలు అల్లడం మొదలుపెట్టింది ఎవరి మీదో ప్రేమతో కాదు, మా ఆయన మీద కోపంతో. మందమర్రి బొగ్గు గని క్వార్టర్లో సాయంత్రమంతా ఫోన్లో అల్లిక వీడియోలు చూస్తూ కూర్చుంటే, "చూసుడేనా, ఏమన్నా చేసుడున్నదా?" అన్నాడు. అంతే. మర్నాడే మంచిర్యాల బస్సెక్కి రెండు సూదులు, నాలుగు ఊలు ఉండలు తెచ్చుకున్నాను. నాకు ముక్కు మీద కోపమని మా అవ్వ ఊరికే అనలేదు.

మొదట అల్లింది మఫ్లరు. ఎక్కడ ఆపాలో తెలుసు గానీ ఎట్లా ఆపాలో తెలియలేదు. చివరి వరస ముడివేసి సూది మీంచి దించే వీడియో దొరికేసరికి అది ఆరు మూరలైంది. మా ఆయన దాన్ని మెడకు మూడు చుట్లు చుట్టుకుని బండి మీద మొదటి షిఫ్టుకు పోతుంటే, కొస వెనక చక్రంలో పడుతుందేమోనని నాకే భయం. "గనిల తాడు తెగితే గిదే కట్టుకుంటం తియ్" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ ఆ చలికాలమంతా అదే చుట్టుకున్నాడు. ఇక నా చేతులు ఆగితే కదా! టోపీలు, సాక్సులు, ఫోన్ సంచి, ఆఖరికి నీళ్ళ బాటిల్‌కి కూడా ఒక స్వెట్టరు.

అట్లాంటిదాన్ని, ఇంట్లో పురుడు రాబోతుంటే చేతులు కట్టుకుని కూర్చోమంటే ఎట్లా కూర్చుంటాను?

మా ఆడబిడ్డను ఇచ్చోడలో ఇచ్చారు. ఏడో నెల పడగానే పురిటికి మా ఇంటికి తీసుకొచ్చాం. పుష్యమాసంలో కాన్పు అన్నారు. ఆ నెల చలికి మా దగ్గరే పళ్ళు టకటకమంటాయి, పిల్లను ఎత్తుకుని ఇచ్చోడ పోయాక ఇక చెప్పనే అక్కర్లేదు. అంతకు రెండేళ్ళ ముందు ఆమెకు తొలి కాన్పులో పిల్ల దక్కలేదు. అందుకే ఈసారి ఇంట్లో అందరం కాస్త గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళం. మా అత్తమ్మ అయితే ఆ ఊసే ఎత్తేది కాదు. ఎవరైనా "కొడుకైతడంటవా, బిడ్డైతదంటవా?" అని అడిగితే "దేవునికెరుక" అని లోపలికి పోయేది. పుట్టాక అది చేద్దాం, ఇది చేద్దాం అన్న మాట ఆమె నోట ఒక్కనాడూ రాలేదు.

నాకు మాత్రం గట్టిగానే చెప్పింది. "పుట్టకముందుగాల కొత్తంగి తయారు చెయ్యద్దు. పుట్టినంక గూడ ముందుగాల పాత బట్టనే కప్పాలె. ఆ సూదులు లోపట వెట్టు."

పెట్టాను. వారం రోజులు. ఆ తర్వాత నాకొక వకీలు తెలివి పుట్టింది. చివరి వరస ముడి వేస్తేనే కదా అంగి అయ్యేది! వీపు, ముందరి భాగం, రెండు చేతులు విడివిడిగా అల్లి, చివరి వరసను ముడి వేయకుండా దారానికి గుచ్చి ఉంచితే అది అంగి ఎట్లా అవుతుంది? ఊలే. పసుపుపచ్చ ఊలు తీసి, అత్తమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళ అల్లుతూ, లేవగానే సూదులతో సహా ఖాళీ సకినాల డబ్బాలో దాచేదాన్ని. సకినాలు చేసే సంక్రాంతి దాకా ఆ డబ్బాను ముట్టేదెవరు? ఆడబిడ్డకు మురుకులు తినబుద్ధవుతుందని నేనేమైనా కలగన్నానా!

మురుకులు పోయడానికని అత్తమ్మ డబ్బా దించి మూత తీసింది. నేను వంటింట్లోకి వచ్చేసరికి ఆమె చేతిలో వీపు భాగం ఉంది.

"ఏందే ఇది?"

"మీ కొడుకుకు టోపీ" అన్నాను.

"నా కొడుకు తలకాయ నిమ్మకాయంతున్నదా?"

దొరికిపోయానుగా, ఇక నా నోరు లేచింది. "ఇది అంగి కాదత్తమ్మా. ముడి వెయ్యలే, ఒకదానికొకటి అతుకవెట్టలే. అంగి ఎట్లయితది?" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? "ఏ కాలంల ఉన్నవ్ నువ్వు? అంగి అల్లితే ఏమైతది?" అని కూడా అడిగాను.

అత్తమ్మ బియ్యం డ్రమ్ము పక్కన కూలబడింది. "పోయినసారి నేనే మెత్తటి బట్ట తెచ్చి, ఎవరికి చెప్పకుంట మూడంగిలు కుట్టిన. మంచిగ మడతవెట్టి పెట్టిన. తొడుగుదామంటే పిల్ల లేకపాయె" అంది. "నా చేతులే ఆగకపాయె. నా బిడ్డకు గూడ చెప్పలే, ఇప్పటికి గూడ."

అంగి కుట్టినంత మాత్రాన ఏమీ కాదని నాకు తెలుసు. అయినా ఆ ముక్కలు తీసుకుని, ఆమె ముందే కూర్చుని, ఒక్కొక్కటి విప్పేశాను. విప్పిన ఊలు సేమ్యాలా వంకరటింకరగా ఒళ్ళో కుప్పపడింది. సూదులతో సహా అక్కడే వదిలేసి లేచాను. మర్నాటికి డబ్బాలో మురుకులున్నాయి. ఊలేమైందని నేను అడగలేదు. అడిగితే నాకే ఏడుపొస్తుందని తెలుసు.

అనుకున్న పుష్యంలోనే, పొద్దున్నే మంచులో ఆటో మాట్లాడుకుని మంచిర్యాల దవాఖానకు పోయాం. పది గంటలకల్లా బిడ్డ పుట్టింది. ఏం గొంతమ్మా అది! వరండా చివర్లో కూర్చున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. అత్తమ్మ తన పాత నూలు చీర పొత్తిలి చేసి చుట్టింది. అప్పుడు సిస్టర్ వచ్చి, "గింత చలి ఉన్నది, తలకు టోపీ ఏదమ్మా?" అంది.

అత్తమ్మ నా వైపు చూసింది. నాకు మండింది. ఎక్కడి నుంచి తేవాలి టోపీ? ఎవరు విప్పించారు?

ఆమె తన సంచిలో చెయ్యి పెట్టి ఫ్లాస్కు తీసింది, నూనె సీసా తీసింది, అడుగు నుంచి పసుపుపచ్చ ఊలు ఉండ తీసింది. దాంట్లో గుచ్చి నా సూదులు. ఊలులో ఒక్క వంకర లేదు.

"కుంకుడుకాయ రసంల మూడుసార్లు పిండిన. నువ్వు దుకాణం పోయినప్పుడల్ల కుర్చీకి చుట్టి ఎండవెట్టిన" అంది. "ఒకసారి అల్లి ఇప్పినది, మూడుసార్లు ఉతికినది. ఇంక కొత్తదెట్లయితది? పాత ఊలే. దోషం లేదు. జల్ది అల్లు."

నా వకీలు తెలివి ఆమె తెలివి ముందు ఏపాటి!

వార్డు బయట బెంచీ మీదే కూర్చుని మొదలుపెట్టాను. ఆమె పక్కన ఉండ పట్టుకుని కూర్చుంది. నోరు ఊరుకుంటేనా? నెలల తరబడి దాచిపెట్టిన మాటలన్నీ ఆ బెంచీ మీదే బయటికొచ్చాయి. ముక్కు మనదట, గడ్డం ఇచ్చోడోళ్ళదట, గొంతు మాత్రం ఈ కోడలిదట. నాకేమో కళ్ళలో నీళ్ళు, ఆమె మాటల్లో లెక్క తప్పి అరవై కుట్లు వేయాల్సింది ఎనభై వేశాను. మధ్యాహ్నానికి టోపీ అయింది. బిడ్డ తలకు పెడితే కనుబొమ్మలు దాటి ముక్కు మీదికి జారింది.

"అయ్యో, పెద్దగైంది! ఇటియ్యి, ఇప్పి మళ్ళ అల్లుత" అని చెయ్యి చాపాను.

అత్తమ్మ నా చెయ్యి పక్కకు నెట్టింది. టోపీ అంచును రెండు మడతలు పైకి మడిచి, బిడ్డ నుదుటి మీద సర్దింది.

"ఉండనియ్యి" అంది. "పెరుగుతది."