లోపలి కుట్టు

రాయదుర్గంలో నేను జీన్స్ కుట్టే యూనిట్లో ఒక మాస్టర్ ఉండేవాడు. కుట్టిన ప్రతి ప్యాంటునూ తిరగేసి, లోపలి కుట్టు వెంట బొటనవేలు నడిపించేవాడు. కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు. మిషన్ల మధ్య తిరుగుతూనే ఉండేవాడు. నాకైతే ఒళ్లు మండేది.

ఒకరోజు టీ వేళ ఆయనకు నా ఫోన్‌లో ఒక వీడియో చూపించాను. అంతరిక్షంలో నౌక విడిచి బయటికొచ్చి తేలిన మొట్టమొదటి మనిషి కథ అది. బయట గాలి లేక అతని సూటు బుడగలా ఉబ్బిపోయింది. తిరిగి లోపలికి దూరడానికి పట్టలేదు. సూటులోని గాలిని కొంచెం కొంచెంగా వదిలేసి, ప్రాణాలకు తెగించి దూరాడు.

మాస్టర్ టీ తాగడం ఆపేశాడు.

“ఆ సూటు కుట్టినోళ్లు అప్పుడు యాడుండిరి మా?”

“ఏమోన్నా, దీంట్లో చెప్పలేదు.”

“మనిషి యాడో పైనుండాడు. ఇంక విప్పి కుట్టేకి కాదు గదా. వాళ్ల గొంతులో కూడెట్ల దిగింటాది?”

టీ చల్లారిపోయింది. ఆయన అదే మాట గొణుక్కుంటూ తిరుగుతున్నాడు. ఆ పొద్దునే, తొందరలో కాలి సందున కుట్టు తప్పిన ప్యాంటొకటి ఆయన కన్నుగప్పి లారీకి వెళ్లే కట్టలో దూర్చాను. ఇక ఉండబట్టలేక వెళ్లి కట్ట విప్పాను.

“ఏం మా, విప్పుతాండావు?”

“ఇదింకా ఈడే ఉండాది కదన్నా,” అని ప్యాంటు ఆయన చేతికిచ్చాను.

తిరగేశాడు. బొటనవేలు ఒకచోట ఆగింది. తప్పిన కుట్టు మళ్లీ వేయడానికి నా మిషన్ ముందు కూర్చున్నాడు.